ఆదరణమే ఔషధము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున పుస్తకముల మహిమను కొనియాడుట ఆచారము. ఆ పని చేయగల పెద్దలు ఈ వేదికపై పలువురు కలరు. ఈ ప్రసంగమునకు వేరొక విషయము నిర్ణయింపబడినది. గ్రంథాలయపు వాకిట ఎవ్వరిని కులమడుగరు, మనసులోని గుట్టడుగరు. చందా పుస్తకములో పేరు వ్రాసికొని కోరిన పుస్తకము చేతికిత్తురు. ఇంటి వాకిటను, బడి వాకిటను, ఒక్కొక్కప్పుడు వైద్యుని వాకిటను సైతము ఆపాటి ఆదరణము దొరకని బిడ్డలు కొందరు కలరు. పురుషుడై పురుషుని ప్రేమించువారు, స్త్రీయై స్త్రీని ప్రేమించువారు, ఉభయులను ప్రేమింపగలవారు, దేహము ఒకటి చెప్పగా మనస్సు వేరొకటి చెప్పు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు: వీరందరిని లోకము నేడు ఎల్‌.జి.బి.టి.క్యూ. అను పొడి అక్షరములతో పిలుచుచున్నది. వీరి మనస్సులకు తగులు గాయములెట్టివి, అవి మానుటకు నేటి మనశ్శాస్త్రము చూపిన మార్గమెద్ది అనునదియే ఇచ్చటి విషయము.

నల్లగొండ సీమవారికి ఇది బోధపడుటకు దూరము పోనక్కరలేదు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతములలో ఫ్లోరైడు నీరు త్రాగి ఎముకలు వంగినవారిని ఎరుగనివారు లేరు. పాపఫలమనియు, వంశదోషమనియు తలపోసినంతకాలము ఒక్క ఎముకయు నిటారు కాలేదు. దోషము బిడ్డయందు లేదు, బావియందు కలదని తెలిసిన పిమ్మటనే దారి దొరికెను. పటికయు సున్నమును కలిపి ఆ నీటిని తేర్చు విధానమును నాగపురమునందలి నీరి సంస్థ రూపొందింపగా, దానికి లోకమంతటను 'నల్లగొండ పద్ధతి' యను పేరు వచ్చినది. పిదప కృష్ణాజలము వచ్చినది. వంగిన బిడ్డను కంబమునకు కట్టి లాగి నిటారు చేయవలెనని మాత్రము ఏ వైద్యుడును చెప్పలేదు.

ఇచ్చట ఒక మాట స్పష్టపరుపవలెను. స్వలింగానురాగము వంగిన ఎముక కాదు. అది మనిషి మేని రంగువంటిది, ఎత్తువంటిది. వంగినది ఆ బిడ్డకు తనయందును ఇతరులయందును ఉండవలసిన నమ్మకము. వంచినది నిత్యము త్రాగక తప్పని అవమానజలము.

ఒక ఇంటి కొడుకును తలచుకొందము. అతనికి పేరక్కరలేదు, అట్టివాడు ఏ ఊరనైనను ఉండవచ్చును. ఎనిమిదేండ్ల ప్రాయమున అక్క గజ్జెలు కట్టుకొని బోనముల ముందు ఆడినాడు. చుట్టమొకడు 'ఆడంగి' యని నవ్వెను. తండ్రికి తల కొట్టివేసినట్లయి కొడుకు చెంప చెళ్ళుమనిపించెను. తల్లి చూచియు మాటాడలేదు. ఆ దినమున బాలుడు నేర్చుకొన్న పాఠమేమి? 'నేను నేనుగా నున్నచో అమ్మానాన్నలు నావారు కారు. వేరొకనివలె నటించినచో నావారు.' పదునాలుగేండ్లకు తన హృదయమెటు మొగ్గుచున్నదో తెలిసినది. ఎవ్వరికిని చెప్పలేదు. ఇరువదిరెండేండ్లకు పెండ్లి సంబంధములు వచ్చుచున్నవి. ఇంటనుండి ఫోను మ్రోగినంతనే గుండె దడదడలాడును; నిద్రపట్టదు; స్నేహితుడెవడైన ప్రేమతో దగ్గరకు వచ్చినచో, వాడు విడిచిపోకమునుపే తానే విడిచిపోవును.

దీనిని నేటి వైద్యులు రెండు పేర్లతో వివరింతురు. ఒకటి ఆఘాతము, దానినే ట్రామా యందురు. భయంకరానుభవము కాలము గడచినను దేహమున నిలిచియుండి, చిన్న అలికిడికే మేల్కొనుట. రెండవది అనుబంధ గాయము. ఇంగ్లండు దేశీయుడైన జాన్ బౌల్బీ అను వైద్యుడు, తల్లి ఆదరణము శిశువు మనస్సునకు ఆహారమువలె అవసరమని 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు నివేదిక వ్రాసెను. ఆయన సహచరురాలగు మేరీ ఐన్స్‌వర్త్ ఉగాండా పల్లెలలోని తల్లులను బిడ్డలను వారి ఇండ్లయందే పరిశీలించి, తల్లి నమ్మదగిన ఆశ్రయమైనప్పుడే బిడ్డ ధైర్యముగా దూరము పోయి ఆడుకొనుననియు, ఆశ్రయము అనిశ్చితమైనప్పుడు అంటిపెట్టుకొని యేడ్చుననియు గుర్తించెను.

పాలమూరువారికి ఇది క్రొత్త కాదు. ఆనకట్టలు కట్టుటకు, కాలువలు త్రవ్వుటకు పాలమూరు కూలీలు దూరదేశములకు తరలిపోవుచు, పసివారిని అవ్వతాతలకు అప్పగించుట తరతరముల గాథ. నెలల పిమ్మట తల్లి తిరిగి వచ్చినప్పుడు బిడ్డ ఒడిలోనికి ఉరుకక తలుపు చాటున నిలుచును. ఆ తల్లి కడుపుకోతను ఎరిగినవారు ఈ సభలో కలరు. అచ్చట తల్లి దూరమున నుండుట వలన గాయమైనది. పైని చెప్పిన బాలుని ఇంట తల్లి ఎదుటనే యున్నది; అయినను బిడ్డ తలుపు చాటుననే నిలిచియున్నాడు. ఇంతియే భేదము.

అమెరికా శాస్త్రజ్ఞుడు ఇలాన్ మేయర్ 2003లో ఈ బాధకు మూలమును చక్కగా విడమరచెను. ఎదురగు తిట్టు, దెబ్బ ఒక ఎత్తు. అవి ఎప్పుడు వచ్చునోయని నిరంతరము కాచుకొనుట రెండవ ఎత్తు. గుట్టు దాచుట మూడవది. లోకము తిట్టిన తిట్టును తానే నమ్మి తన్ను తాను తిట్టుకొనుట నాల్గవది. 2009లో కెయిట్లిన్ రయన్ బృందము కాలిఫోర్నియాలో జరిపిన పరిశోధనలో, కుటుంబము తీవ్రముగా తిరస్కరించిన యువజనులు, తిరస్కారము లేని లేక స్వల్పమైన కుటుంబముల వారికంటె 8.4 రెట్లు అధికముగా ఆత్మహత్యకు యత్నించినట్లు తేలెను. కావున ఇది పరువు ప్రతిష్ఠల ప్రసంగము కాదు, ప్రాణముల ప్రసంగము.

మన పురాణములు ఇట్టివారిని ఎరుగవా? తిక్కన సోమయాజి తెనిగించిన విరాటపర్వమున బృహన్నలకు రాజాంతఃపురమున గౌరవమైన కొలువు దొరకినది. అది అర్జునుని మారువేషమే యగుగాక. ఆ వేషమున వచ్చినవారిని గెంటివేయక, విద్య ఏమి కలదని అడిగి, కూతురికి నాట్యము నేర్పుమని అప్పగించిన విరాటుని నడవడి గమనింపదగినది. అంతకంటె గంభీరమైనది ఉద్యోగపర్వమునందలి అంబోపాఖ్యానము. ద్రుపదుని కూతురు శిఖండిని కొడుకుగా పెంచి, పెండ్లియు చేసిరి. నిజము బయటపడగా మామయగు దశార్ణరాజు దండెత్తెదనని వార్త పంపెను. తనవలన తల్లిదండ్రులకు ముప్పు వచ్చినదను దుఃఖముతో శిఖండిని ప్రాణత్యాగము చేయ నిశ్చయించి ఒంటరిగా అడవికి పోయెను. అచ్చట స్థూణాకర్ణుడను యక్షుడు కనబడి ఏమి చేసెను? నీతులు చెప్పలేదు, నిందింపలేదు. ఈ వ్రతమెందులకు, ఏమి కావలయునని అడిగెను. కానిపని యని శిఖండిని నిరాశపడగా, చెప్పి చూడుమనెను. మొత్తము విని, తన పురుషరూపమునే యిచ్చి ఆదుకొనెను. ఆ పుణ్యమునకు తాను కుబేరుని శాపమును సైతము అనుభవించెను.

ఇంటివారికి చెప్పుకొనలేని మాటను అడవిలో పరాయివాడు అడిగి విన్నాడు. ఆత్మహత్యకు పోయిన బిడ్డ తిరిగి ఇల్లు చేరినది. రూపము మార్చు వరములు నేడు లేకపోవచ్చును; అడిగి వినుట మాత్రము నేటికిని సాధ్యమే. అదియే ఈ చికిత్సకు తొలిమెట్టు.

అయితే చాలకాలము వైద్యశాస్త్రము సైతము దారి తప్పినది. స్వలింగానురాగమును రోగముగా లెక్కించి, విద్యుత్ ఘాతములిచ్చి మాన్పజూచిన కాలము కలదు. 1957లో ఎవెలిన్ హుకర్ అను శాస్త్రజ్ఞురాలు 30 మంది స్వలింగానురాగుల, 30 మంది ఇతరుల మానసిక పరీక్షాపత్రములను పేర్లు తొలగించి నిపుణుల ముందుంచిన ఫలితమును ప్రకటించెను. ఏవి యెవరివో నిపుణులు చెప్పలేకపోయిరి. 1973లో అమెరికా మనోవైద్య సంఘమును, 1990లో ప్రపంచ ఆరోగ్య సంస్థయు దీనిని రోగముల పట్టికనుండి తొలగించెను. ఇది రోగము కాదని భారతీయ మనోవైద్య సంఘము 2018లో ప్రకటించెను. సమాజపు నైతిక సాంస్కృతిక విలువలకు భిన్నముగా నుండుట మాత్రమున ఒకనిని మనోరోగిగా నిర్ణయింపరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము శాసించినది.

2021లో మద్రాసు ఉన్నత న్యాయస్థానమున జరిగిన సంగతి ఇంకను గమనార్హము. మదురైనుండి ఇల్లు విడిచి వచ్చిన ఇరువురు యువతులు రక్షణ కోరిరి. న్యాయమూర్తి ఆనంద్ వెంకటేష్ గారు తమకు ఈ విషయము తెలియదని దాపరికము లేక ఒప్పుకొని, మనస్తత్వ నిపుణురాలి యొద్దకు తామే పోయి కూర్చుండి నేర్చుకొనిరి. పిమ్మట, 'మార్చు చికిత్స' అను పేర జరుగు ప్రయత్నములను నిషేధింపవలెనని జూన్ 7వ తేదీన ఉత్తర్వు చేసిరి. 2022లో జాతీయ వైద్య మండలి అట్టి చికిత్సను వైద్యుల వృత్తిదోషముగా పేర్కొనెను. తీర్పు చెప్పవలసినవాడు ముందు విద్యార్థియై కూర్చుండుట ఏ గ్రంథాలయమైనను గర్వింపదగిన దృష్టాంతము.

ఇక పల్లెలలోని 'మార్చు చికిత్స' లెట్టివో అందరును ఎరుగుదురు. తాయెత్తు కట్టుట, భూతవైద్యుని చేత వేపమండలతో కొట్టించుట, అన్నిటికంటె అధికముగా, 'పెండ్లి చేస్తే అన్నీ సర్దుకుంటయి' అనుట. ఈ చివరి మందు ఒక గాయమును మాన్పకపోగా రెండవ గాయమును చేయును. ఎరుగని ఇంటి ఆడబిడ్డ తనయందేమి లోపమోయని జీవితాంతము కుములును. పంచాయితీకి వచ్చిన కొన్ని కాపురముల కథలలో ఈ కీలకము ఎవ్వరి నోటను పలుకక మిగిలిపోవుచుండును.

సరియైన చికిత్స యెట్లుండును? అలన్ మాల్యన్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు 1982లో దీని స్వరూపమును నిర్వచించెను. వ్యక్తి ప్రేమను గాని లింగభావమును గాని మార్పజూడక, ఉన్నదానిని ఉన్నట్లుగా మన్నించి, దానిని గూర్చి అతడు మ్రింగిన సిగ్గును బయటికి తీయుట దీని ముఖ్యలక్షణము. ఆంగ్లమున అఫర్మేటివ్ థెరపీ యందురు. తెలుగున ఆదరణ చికిత్స యనవచ్చును.

ఆఘాతము మానుటకు మూడు దశలు కలవని జూడిత్ హెర్మన్ 1992లో వ్రాసెను. మొదటిది భద్రత. ముందుగా నిద్ర, తిండి, తలదాచుకొన చోటు, ప్రాణభయము లేకుండుట. గుట్టు బయట పెట్టబోనని చికిత్సకుడు మాట ఇచ్చును. ఇంటివారికి చెప్పుమని తొందరపెట్టడు. చెప్పిన పిమ్మట ఇంటినుండి గెంటివేయబడు ప్రమాదమున్నచో, ఆగుమనియే చెప్పును. రెండవది స్మరణము, శోకము. జరిగినదానిని కొద్దికొద్దిగా, భరింపగలిగినంత మేరకే చెప్పించుట. ఎనిమిదేండ్లనాడు తగిలిన చెంపదెబ్బకు అప్పుడు ఏడ్వలేని ఏడ్పును ఇప్పుడు ఏడ్వనిచ్చుట. మూడవది తిరిగి మనుష్యులలో చేరుట. స్నేహము, పని, ప్రేమ, వీలైనచో కుటుంబము.

అనుబంధ గాయము మాటలతో మాత్రమే మానదు. అనుబంధముచేతనే మానును. ప్రతి వారము చెప్పిన గడియకు చికిత్సకుడు కూర్చుండియుండును. ఒకనాడు యువకుడు కోపగించి రాకపోవును. మరుసటి వారము వచ్చినప్పుడు తిట్టును ఎదురుచూచును, తిట్టు రాదు, ఏమి నొచ్చినదని ప్రశ్న వచ్చును. తప్పు తనదైనచో చికిత్సకుడే ఒప్పుకొనును. తగవు వచ్చినను బంధము తెగకుండుట ఆ యువకునికి జీవితమున తొలిసారి అనుభవమగును. ఆ అనుభవము పలుమార్లు కలుగగా, ఇతరులయందును అట్లే జరుగవచ్చునను నమ్మకము మొలకెత్తును. దిగులు మిక్కుటమైనచో వైద్యుడు మందును ఇచ్చును. అది దిగులునకు మందే గాని ప్రేమకు విరుగుడు కాదు. జాన్ పచాంకిస్ అను శాస్త్రజ్ఞుడు 63 మంది యువకులపై ఇట్టి పది సమావేశముల చికిత్సను పరీక్షించి, దిగులును మద్యపానమును తగ్గినవని 2015లో ప్రకటించెను.

'ఆమోదించినంత మాత్రమున గాయము మానునా?' అని కొందరికి సందేహము కలుగవచ్చును. హైదరాబాదు రాష్ట్ర చరిత్రనే అడుగవచ్చును. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటాడ లేవగా సభ గోల చేసి హేళన చేసినది. స్వభాషను పలికినందులకు స్వదేశముననే సిగ్గుపడవలసి వచ్చినది. ఆ సిగ్గు దేనివలన మానినది? భాష మార్చుకొనుటవలన కాదు. ఆ రాత్రియే కొందరు కూడి ఆంధ్రజన సంఘమును స్థాపించిరి. అట్టి సంఘములును, ఇట్టి గ్రంథాలయములును 'నీ భాష సిగ్గుచేటు కాదు' అని చెప్పినవి. అది విన్న తరము తలయెత్తి నడచినది. భాషకు పనిచేసిన మందు ప్రేమకు పనిచేయదని ఏల అనుకొనవలెను?

ప్రభుత్వముల తీరును చూడుడు. ఫసలీ 1329లో, అనగా 1919 ప్రాంతమున, నిజాము రాజ్యమున హిజ్రాలను గూర్చి ఒక చట్టము చేయబడెను. వారి పేర్లను రిజిస్టరున ఎక్కించుటకును, స్త్రీవేషమున వీధిలో కనబడినను, పాడినను, ఆడినను వారంటు లేకయే పట్టుకొనుటకును, రెండేండ్లవరకు చెరసాలలో ఉంచుటకును అది వీలు కల్పించెను. గ్రంథాలయపు రిజిస్టరు పేరు వ్రాసికొని తలుపు తెరచును; ఆ రిజిస్టరు పేరు వ్రాసికొని తలుపు మూసెను. రాజ్యము పోయినను చట్టము పోలేదు. వైజయంతి వసంత మొగ్లి మొదలగువారు 2018లో వేసిన వ్యాజ్యముపై, ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, న్యాయమూర్తి సి.వి. భాస్కరరెడ్డి గార్ల ధర్మాసనము 2023 జూలై 6న అది రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసెను. అంతకుముందే 2014 ఏప్రిలు 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గౌరవమును గుర్తించెను. 2018 సెప్టెంబరు 6న వయోజనుల పరస్పరాంగీకృత ప్రేమ నేరము కాదని చెప్పెను. 2022లో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్‌పాల్ అను ఇరువురు ట్రాన్స్‌జెండర్ వైద్యులు ఉస్మానియా ఆసుపత్రిలో ప్రభుత్వ వైద్యులుగా చేరిరి. 2024 డిసెంబరున హైదరాబాదు పోలీసుశాఖ ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను ట్రాఫిక్ సహాయకులుగా తీసికొనెను.

కొరత లేదని చెప్పుట అసత్యమగును. తమవారే వైద్యులుగా, సలహాదారులుగా 2021లో హైదరాబాదున ప్రారంభమైన మిత్ర్ క్లినిక్, విదేశీ సహాయము నిలిచిపోగా 2025లో మూతపడవలసి వచ్చెను. పరుల సొమ్ముపై నిలిచిన ఆశ్రయమునకు గల ప్రమాదమిది. అచ్చంపేట తండానుండియో, దేవరకొండ గూడెమునుండియో బయలుదేరి ప్రతి వారము పట్టణమునకు పోవుటకు బస్సు ఖర్చులు, పోయిన కూలి, ఇంటివారికి చెప్పవలసిన అబద్ధము అడ్డుపడును. ఇట్టివారికి 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ ఫోను 14416 ఉపకరించును. రాత్రింబగళ్లు ఉచితముగా, తెలుగులో మాటాడవచ్చును. ఈ సంఖ్యను గ్రంథాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుట రజతోత్సవమునకు తగిన కార్యము.

చికిత్సకుడు వారమునకు ఒక గంట మాత్రమే కూర్చుండును. తక్కిన గంటలన్నియు ఇంటివి, ఊరివి. బోనముల దినమున, మల్లన్న పట్నములనాడు శివసత్తుల పాదములకు మ్రొక్కి పసుపునీళ్లు పోసిన చేతులే, మరునాడు బస్సులో అట్టివారిని చూచి చప్పట్లు చరచి నవ్వుట తగునా? పండుగనాటి మర్యాద మరునాటికిని మిగులవలెను. 'ఆడంగి', 'కొజ్జా' యను మాటలను పిల్లల ఎదుట పలుకకుండుట. పంతులుగారు తరగతిలో నవ్వును ఆపుట. బిడ్డ వద్దన్న పెండ్లిని బలవంతముగా చేయకుండుట. ఒకరి గుట్టు తెలిసినచో దానిని రచ్చబండకు ఎక్కింపకుండుట. వీనిలో దేనికిని పైసా ఖర్చు లేదు.

తల్లిదండ్రుల భయమును తక్కువ చేయరాదు. వంశమేమగునో, చుట్టములేమందురో, ముసలితనమున బిడ్డకు తోడెవరో యని వారు నిద్రలేక వగతురు. ఆ భయమును తీర్పు చెప్పక వినువారు వారికిని కావలెను. తండ్రి ఒక్కనాట మారకపోవచ్చును. మారునంతవరకు అతడు చేయగలిగిన పని ఒకటి కలదు: 'నాకు ఇది తెలియదు, అయినను నీవు నా బిడ్డవే, భోజనమునకు రమ్ము' అనుట. తెలియదని ఒప్పుకొనుటలో చిన్నతనము లేదు, న్యాయమూర్తియే ఒప్పుకొనెను.

మొదట తలచుకొన్న కొడుకు పండుగకు ఇంటికి వచ్చుచున్నాడనుకొందము. బస్సు దిగి, చెరువుకట్ట మీదుగా నడచి, వాకిటి ముందు నిలిచినాడు. లోపలికి అడుగిడవలెనా, తిరిగిపోవలెనా యని తటపటాయించుచున్నాడు. తల్లి లోపల పొయ్యి యొద్ద నున్నది. పదునాలుగేండ్లనాడు మాటాడవలసిన మాట ఆమె యొద్ద ఇంకను మిగిలియున్నది. ఆమె లేచి వాకిటికి వచ్చి, 'ఎందుకు బిడ్డా బయటనే నిలబడ్డవు, లోపలికి రా' అన్నచో, పది సమావేశముల చికిత్స చేయవలసిన పనిలో సగము ఆ గడపయొద్దనే జరుగును.

అట్టి గడపలు ఈ ఊర పెరుగుగాక. అడిగినవారికి పుస్తకమును, అడుగలేనివారికి ఆశ్రయమును ఇచ్చుచు ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును చూచుగాక.